అమీర్‌పేట మెట్రో స్టేషన్: ఒకే రోడ్డు మీద రెండు మార్గాలు ఎలా నిలబడ్డాయి?

నగర పాదచారి

సభ్యులందరికీ నమస్కారం. హైదరాబాద్ మెట్రో గురించి మన వేదికలో చాలా చర్చలు నడిచాయి గానీ, వాటిలో ఎక్కువ భాగం టికెట్ ధరల చుట్టూ, పార్కింగ్ చుట్టూ తిరిగాయి. ఒక్క స్టేషన్‌ను పట్టుకొని, కింద రోడ్డు నుంచి పైకప్పు దాకా అది ఎందుకు అలా ఉన్నదో అడుగుదామనే ఉద్దేశంతో ఈ చర్చ మొదలుపెడుతున్నాను. అందుకు అమీర్‌పేటను మించిన స్టేషన్ నాకు కనిపించలేదు.

ముందుగా నేను చూసినది రాస్తాను. స్టేషన్ మొత్తం రోడ్డు మధ్యలో నిలిచిన స్తంభాల వరుస మీద ఉంది. రెండు పక్కల ఫుట్‌పాత్‌ల నుంచి మెట్లు, ఎస్కలేటర్లు, లిఫ్టులు పైకి వెళ్తాయి. వాటి మీదుగా మొదట చేరేది కాన్‌కోర్స్ అంతస్తు. టికెట్ కౌంటర్లు, భద్రతా తనిఖీ, కార్డు చూపి దాటే గేట్లు అక్కడే ఉంటాయి. దాని పైన మియాపూర్–ఎల్బీ నగర్ రెడ్ లైన్ ప్లాట్‌ఫాంలు, వాటికీ పైన నాగోల్–రాయదుర్గం బ్లూ లైన్ ప్లాట్‌ఫాంలు ఉన్నాయి. ఒక మార్గంలో దిగి మరో మార్గంలో ఎక్కేవారు గేట్లు దాటి బయటికి రానవసరం లేదు.

నా ప్రశ్నలు ఇవి. రెండు మార్గాలు ఇక్కడ ఒకదాని పైన ఒకటి ఎందుకు వెళ్లాయి? నాలుగు ప్లాట్‌ఫాంలూ పట్టాలకు ఇరుపక్కలనే ఎందుకు ఉన్నాయి, మధ్యలో ఎందుకు లేవు? ఈ స్టేషన్ ఏ క్రమంలో వాడుకలోకి వచ్చింది? తెలిసినవారు తీరికగా, వివరంగా రాయాలని మనవి.

స్తంభం నం. 1

నగర పాదచారి గారూ, నేను సివిల్ ఇంజినీరును. ఈ ప్రాజెక్టులో పని చేయలేదు గానీ వంతెనల పనిలోనే చాలా కాలంగా ఉన్నాను. మీ మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే. ఆ జవాబు కింద ఉన్న రోడ్డు.

పటం తెరిచి చూడండి. రెడ్ లైన్ పంజాగుట్ట నుంచి వచ్చి, అమీర్‌పేట ప్రధాన రహదారి మీదుగానే ఎస్సార్ నగర్, ఎర్రగడ్డ వైపు సాగిపోతుంది. బ్లూ లైన్ బేగంపేట వైపు నుంచి వచ్చి, అమీర్‌పేట కూడలి దగ్గర ఇదే రహదారిని అందుకుంటుంది. కొద్ది దూరం ఈ రోడ్డు మీదే నడిచి, ఆ తరువాత మధురానగర్, యూసఫ్‌గూడల వైపు మళ్లుతుంది. అంటే ఈ రెండు మార్గాలూ ఒకదాన్ని ఒకటి అడ్డంగా కోసుకొని పోవు, కొంత దూరం ఒకే దారిని పంచుకుంటాయి. అంత రద్దీ రోడ్డు మీద రెండు వయాడక్టులను (స్తంభాల మీద సాగే పొడవాటి వంతెనలను) పక్కపక్కన నిలబెట్టాలంటే నాలుగు పట్టాల వెడల్పు కావాలి. అందుకు ఇరుపక్కల ఉన్న భవనాలను వరుసగా తీసేయాలి. అది కుదరని పని గనుక ఒకదాని మీద ఒకటి పెట్టారు.

ఇక ప్లాట్‌ఫాంల సంగతి. రెండు స్టేషన్ల మధ్య వయాడక్టు మీద రాకపోకల పట్టాలు రెండూ ఒకే దిమ్మె మీద దగ్గర దగ్గరగా ఉంటాయి. ప్లాట్‌ఫాం పక్కలకు ఉంటే ఆ పట్టాలు స్టేషన్‌లోకి కూడా తిన్నగా అలాగే వచ్చేస్తాయి. ప్లాట్‌ఫాం మధ్యలో కావాలంటే మాత్రం స్టేషన్‌కు ఎంతో ముందే పట్టాలను విడదీయాలి, దాటిన తరువాత మళ్లీ దగ్గరకు తేవాలి. ఆ విడిపోయే భాగమంతా వయాడక్టు వెడల్పు పెరుగుతుంది, ఒంటి స్తంభం చాలదు, రోడ్డు మీద అదనపు కాళ్లు దిగుతాయి. హైదరాబాద్ మెట్రో స్టేషన్లలో పక్క ప్లాట్‌ఫాంలు కనిపించడానికి ప్రధాన కారణం ఇదే. మధ్య స్తంభాల నుంచి రెండు వైపులకూ చేతులు చాచినట్టుగా కాంక్రీటు దూలాలు వెళ్లి, వాటి మీద స్టేషన్ అంతస్తులు నిలుస్తాయి. రోడ్డు అంచున ఇంకొక వరుస స్తంభాలు లేకుండా ఇంత బరువును మోయించడం చిన్న పని కాదు.

ఎవరూ పెద్దగా గమనించని విషయం ఒకటి చెబుతాను. మన మెట్రోకు కరెంటు పై తీగ నుంచి 25 కిలోవోల్టుల ఏసీ (దిశ మారుతూ ప్రవహించే కరెంటు) రూపంలో అందుతుంది. ఢిల్లీ, చెన్నైలలోనూ ఇదే పద్ధతి. బెంగళూరులో మాత్రం పట్టాల పక్కన మూడో పట్టా ద్వారా డీసీ (ఒకే దిశలో ప్రవహించే కరెంటు) అందుతుంది. పై తీగ పద్ధతిలో రైలు పైన తీగకు చోటు, ఆ తీగకూ పై కట్టడానికీ మధ్య సురక్షితమైన ఎడం తప్పనిసరి. రెండు మార్గాలను ఒకదాని పైన ఒకటి పెట్టినప్పుడు ఆ చోటంతా కింది పట్టాలకూ పై అంతస్తుకూ మధ్య చేరుతుంది. అమీర్‌పేటలో బ్లూ లైన్ అంత ఎత్తున ఉన్నట్టు అనిపించడానికి అది ఒక కారణం.

ఎస్సార్ నగర్ నివాసి

పైన రాసినదంతా చదివాక పాత అమీర్‌పేట గుర్తుకొచ్చింది. మెట్రో రాకముందు కూడా ఆ రోడ్డు మీద ఖాళీ అనేది ఉండేది కాదు. మైత్రీవనం, దాని పక్కనే స్వర్ణజయంతి కాంప్లెక్స్, ఆ చుట్టూ అంతస్తు అంతస్తుకూ సాఫ్ట్‌వేర్ శిక్షణ కేంద్రాలు, సందుల్లో హాస్టళ్లు, రెండు రాష్ట్రాల జిల్లాల నుంచి బ్యాగులతో దిగే పిల్లలు. ఉదయం పూట బస్టాపు దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం ఉండేవారు.

పనులు 2012లో మొదలయ్యాయి. ఉప్పల్‌లోనూ కుత్బుల్లాపూర్‌లోనూ ఉన్న యార్డుల్లో వయాడక్టు ముక్కలను ముందుగానే పోత పోసి, రాత్రివేళ పెద్ద ట్రెయిలర్ల మీద తెచ్చేవారు. స్తంభాల మీద నిలిచిన పొడవాటి ఇనుప గర్డర్ యంత్రం ఆ ముక్కలను ఒక్కొక్కటిగా పైకి లాగి వరుసగా వేలాడదీసేది. వాటిని జిగురుతో అతికించి, లోపల ఉక్కు తీగల కట్టలను దూర్చి బిగించిన తరువాతనే ఆ భాగం తన బరువును తాను మోస్తుంది. అప్పుడు యంత్రం ముందున్న స్తంభానికి జరిగేది. తెల్లవారి ట్రాఫిక్ మొదలయ్యేసరికి రోడ్డు మీద బారికేడ్లు తప్ప మరేమీ ఉండేవి కావు, తలెత్తి చూస్తే మాత్రం నిన్న లేని వంతెన ఉండేది. ఆ సంవత్సరాల్లో ఇరుపక్కల దుకాణదారులు పడిన అవస్థను కూడా ఈ స్టేషన్ చరిత్రలో భాగంగానే రాయాలి. నాకు తెలిసిన చిన్న వ్యాపారులు కొందరు, పని పూర్తయ్యే దాకా నిలదొక్కుకోలేక వేరే పేటలకు వెళ్లిపోయారు.

దస్తావేజు

మూడో ప్రశ్నకు నేను జవాబు రాస్తాను. కొంచెం వెనక నుంచి మొదలుపెట్టక తప్పదు.

ఈ ప్రాజెక్టును ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టాలని నిర్ణయించాక, 2008లో మేటాస్ సంస్థ నాయకత్వంలోని బృందం బిడ్ గెలిచింది. ప్రభుత్వం నుంచి నిధి అడగకపోగా, తామే ప్రభుత్వానికి 30,311 కోట్ల రూపాయలు చెల్లిస్తామని ఆ బృందం ముందుకొచ్చింది. ఢిల్లీ మెట్రో అధిపతిగా ఉన్న ఇ. శ్రీధరన్ అప్పట్లోనే ఈ పద్ధతిని తీవ్రంగా ప్రశ్నిస్తూ ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. 2009 జనవరిలో, మేటాస్ యజమానుల కుటుంబానికే చెందిన సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడింది, అదే ఏడాది జులైలో ఆ ఒప్పందం రద్దయింది. మళ్లీ బిడ్లు పిలిచాక 2010లో ఎల్ అండ్ టీ ఎంపికై, 1,458 కోట్ల రూపాయల సహాయ నిధి కోరింది. 2010 సెప్టెంబరు 4న 35 ఏళ్ల ఒప్పందం కుదిరింది. ఆ రెండేళ్ల జాప్యం జరగకపోతే అమీర్‌పేట స్టేషన్ ఎప్పటికి సిద్ధమయ్యేదో ఎవరి ఊహ వారిది గానీ, రెండు బిడ్ల మధ్య ఉన్న ఆ తేడాను గుర్తు పెట్టుకోవాలి. ఒకరు ఎదురు డబ్బు ఇస్తామన్న పనికి మరొకరు సాయం అడగవలసి వచ్చింది.

ఇక ప్రారంభాలు. 2017 నవంబరు 28న మియాపూర్‌లో ప్రధాని నరేంద్ర మోదీ మెట్రోను ప్రారంభించారు, మరుసటి రోజు నుంచి ప్రజలు ఎక్కారు. తొలి విడత 30 కిలోమీటర్లు, 24 స్టేషన్లు. అందులో మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా 13 కిలోమీటర్లు రెడ్ లైన్, అమీర్‌పేట నుంచి నాగోల్ దాకా 17 కిలోమీటర్లు బ్లూ లైన్. మనం మరిచిపోతున్న సంగతి ఇక్కడే ఉంది. ఆ రోజు అమీర్‌పేట రెండు మార్గాలకూ ఆఖరి స్టేషన్. ఎటు నుంచి వచ్చినా రైలు ఖాళీ అయ్యేది. కొందరు రోడ్డు మీదికి దిగిపోగా, మిగిలినవారంతా అంతస్తు మారి రెండో రైలు ఎక్కేవారు.

2018 సెప్టెంబరు 24న ఎల్బీ నగర్ దాకా 16 కిలోమీటర్లు తెరవడంతో రెడ్ లైన్ రైళ్లు ఇక్కడ ఆగి ముందుకు సాగడం మొదలైంది, బ్లూ లైన్‌కు మాత్రం ఇదే ఆఖరు. 2019 మార్చి 20న హైటెక్ సిటీ దాకా, అదే సంవత్సరం నవంబరు 29న రాయదుర్గం దాకా బ్లూ లైన్ వెళ్లింది. అంటే కట్టడం మారకుండానే పదహారు నెలల్లో ఈ స్టేషన్ పని మూడు రకాలుగా మారింది. మొదట రెండు కొసలు కలిసే చోటు, తరువాత ఒక మార్గానికి మధ్య, మరొక మార్గానికి కొస, చివరికి నాలుగు దిక్కుల ప్రయాణికులు దాటే కూడలి. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్)–ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) గ్రీన్ లైన్ రావడంతో సుమారు 69 కిలోమీటర్లు, 57 స్టేషన్ల వ్యవస్థ పూర్తయింది.

నిత్య ప్రయాణికురాలు

దస్తావేజు గారు రాసిన ఆ మూడు దశలనూ నేను రోజూ ప్రయాణిస్తూ చూశాను. మొదటి దశలో జనం ఒకే సారి దిగినా, వెళ్లవలసిన దారి ఒక్కటే గనుక ప్రవాహంలా కదిలేవారు. హైటెక్ సిటీ మార్గం తెరిచాక ఎస్కలేటర్ల దగ్గర ఎదురెదురు వచ్చేవారు ఎక్కువయ్యారు. ఉదయం తొమ్మిది దాటాక రెడ్ లైన్ రైలు ఒకటి వచ్చి తలుపులు తెరిస్తే, పైకి వెళ్లే ఎస్కలేటర్ మొదట్లో ప్లాట్‌ఫాం మధ్య దాకా వరుస కడుతుంది.

ప్లాట్‌ఫాంలను ఆరు పెట్టెల రైళ్లకు సరిపడా కట్టారు, నడిచేవి మాత్రం మూడు పెట్టెల రైళ్లు. అందుకే ప్లాట్‌ఫాంలో సగం ఖాళీగా ఉంటుంది, మిగిలిన సగంలో నిలబడడానికి చోటుండదు.

నా అసలు ఫిర్యాదు వేరు. హాంకాంగ్‌లో మాంగ్‌కాక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ స్టేషన్లలోనూ, సింగపూర్‌లో సిటీ హాల్, రాఫెల్స్ ప్లేస్ స్టేషన్లలోనూ ఒక రైలు దిగి, అదే ప్లాట్‌ఫాం మీద నాలుగడుగులు వేసి, ఎదురుగా ఉన్న రెండో మార్గం రైలు ఎక్కవచ్చు. మనకు ఎలాగూ రెండు అంతస్తులు ఉన్నాయి కదా, ఒక్కొక్క మార్గాన్ని ఒక్కొక్క అంతస్తుకు ఇచ్చే బదులు, ఒక్కొక్క దిక్కును ఒక్కొక్క అంతస్తుకు ఇవ్వవలసింది. రోజూ వేలమంది మెట్లెక్కే శ్రమ తప్పేది.

స్తంభం నం. 1

మీ ప్రశ్న చాలా విలువైనది గనుక వివరంగా రాస్తాను. మీరు చెప్పిన పద్ధతికి రెండు అడ్డంకులు ఉన్నాయి.

మొదటిది చోటు. మీరు ఉదహరించిన స్టేషన్లన్నీ భూగర్భంలోనివి. సొరంగాల్లో ప్రతి పట్టా తన దారిన విడిగా ఎక్కవచ్చు, దిగవచ్చు. ఇక్కడ అలా చేయాలంటే రెడ్ లైన్‌లో ఒక పట్టా పైకి, ఒకటి కిందికి పోవాలి, బ్లూ లైన్‌లోనూ అంతే. స్టేషన్‌కు రెండు వైపులా చాలా దూరం నుంచే నాలుగు పట్టాలూ విడివిడి వాలులతో, విడివిడి స్తంభాలతో ఒకదాన్ని ఒకటి దాటుకుంటూ రావాలి. పైగా ప్రతి అంతస్తులో రెండు పట్టాల మధ్య ప్లాట్‌ఫాం ఉండాలి గనుక, నేను ముందు రాసిన వెడల్పు సమస్య మళ్లీ తలెత్తుతుంది.

రెండోది దిక్కు. ఎదురెదురు ప్లాట్‌ఫాం వల్ల లాభపడేది ఒకే అంతస్తులో జోడీ కట్టిన రెండు దిక్కుల వారు మాత్రమే. ఎల్బీ నగర్ నుంచి వచ్చి హైటెక్ సిటీకి వెళ్లేవారు ఈ రోడ్డు మీద ఒకే దిశలో ముందుకు సాగుతారు. కూకట్‌పల్లి నుంచి వచ్చి హైటెక్ సిటీకి వెళ్లేవారు మాత్రం ఇక్కడికి వచ్చి వెనక్కి తిరుగుతారు. మొదటి వారికి అనుకూలంగా కడితే రెండో వారు యథావిధిగా అంతస్తు మారాలి, రెండో వారికి అనుకూలంగా కడితే మొదటి వారు మారాలి. హాంకాంగ్‌లో ఈ చిక్కును తీర్చడానికే వరుసగా రెండు స్టేషన్లలో రెండు రకాల జోడీలు పెట్టారు. మన రెండు మార్గాలూ కలిసి నడిచేది ఒక్క స్టేషన్ మేరకే.

కాబట్టి రెండు మార్గాలను చెరొక అంతస్తులో పెట్టడం సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం. అయితే ఎస్కలేటర్ దగ్గర మీరు చూసిన వరుసలను బట్టి, అంతస్తుల మధ్య ఎస్కలేటర్లు, మెట్ల వెడల్పు ఇంకా ఎక్కువ ఉండవలసిందని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఆరు పెట్టెల రైళ్లు వచ్చిన నాడు ఈ లోటు మరింత తెలుస్తుంది.

ఎస్సార్ నగర్ నివాసి

కూకట్‌పల్లి మాట వచ్చింది గనుక ఒక చిన్న జోడింపు. అక్కడి కేపీహెచ్‌బీ (కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు) కాలనీ నుంచి హైటెక్ సిటీకి రోడ్డు మీద తిన్నగా వెళ్తే చాలా దగ్గర. మెట్రోలో అయితే అమీర్‌పేట దాకా వచ్చి మళ్లీ పడమరకు పోవాలి. అయినా ట్రాఫిక్‌కు భయపడి ఈ చుట్టుదారినే ఎంచుకునేవారు మా వీధిలోనే ఉన్నారు. అమీర్‌పేట మెట్ల మీద కనిపించే రద్దీలో కొంత భాగం ఆ రెండు ప్రాంతాలను నేరుగా కలిపే రైలు మార్గం లేకపోవడం వల్ల పుట్టినదే.

చికాగో చందు

నేను ఉండే నగరంలో ఎత్తున నడిచే రైళ్లకు నూట ఇరవై ఏళ్లు దాటాయి గనుక, ఒక పోలిక ఉపయోగపడుతుందని రాస్తున్నాను. చికాగో నడిబొడ్డున వీధుల మీదుగా నాలుగు పలకలుగా తిరిగే మార్గాన్ని లూప్ అంటారు. అందులో క్విన్సీ స్టేషన్ 1897లో తెరిచారు. అక్కడ కూడా పట్టాలు మధ్యలో, ప్లాట్‌ఫాంలు ఇరుపక్కలా ఉంటాయి, కారణం కూడా స్తంభం గారు చెప్పినదే: ఇరుకు వీధి. అయితే అక్కడిది ఉక్కు కట్టడం, ప్లాట్‌ఫాం మీద పరిచినవి చెక్క పలకలు. వీధికి ఇరువైపులా కాళ్లు దించి, మధ్య రోడ్డు మీదుగా దూలం వేశారు. మెట్లెక్కలేని వారికోసం లిఫ్టులు అమర్చడానికి 2018 దాకా ఆగవలసి వచ్చింది. అమీర్‌పేటలో అవి మొదటి రోజు నుంచే ఉన్నాయి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న తేడా మరొకటి. లూప్‌లో పలు మార్గాల రైళ్లు అవే పట్టాలను పంచుకుంటాయి. లేక్, వెల్స్ వీధుల మూలన టవర్ 18 అనే కూడలిలో అవి ఒకే మట్టం మీద ఒకదాని దారిని ఒకటి దాటుతాయి. ఒక మార్గంలో రైలు ఆలస్యమైతే మిగిలినవి కాచుకోవాలి. అమీర్‌పేటలో రెండు మార్గాల ప్రయాణికులు కలుస్తారే గానీ రైళ్లు కలవవు. రెడ్ లైన్‌కు మియాపూర్‌లో, బ్లూ లైన్‌కు ఉప్పల్‌లో వేరువేరు డిపోలు ఉన్నాయి. ఒకటి ఆగినా రెండోది నడుస్తుంది. మెట్లెక్కే శ్రమకు బదులుగా దక్కిన లాభంగా నేను దీన్ని చూస్తాను.

దస్తావేజు

చందు గారి చివరి మాటకు మన దగ్గరే ఉదాహరణ ఉంది. కరోనా కారణంగా 2020 మార్చి 22 నుంచి మూతపడిన మెట్రోను సెప్టెంబరు 7న తిరిగి తెరిచినప్పుడు, మొదటి రోజు రెడ్ లైన్‌ను, మరుసటి రోజు బ్లూ లైన్‌ను నడిపారు. కింది అంతస్తులో రైళ్లు తిరుగుతుండగా పై అంతస్తు ఒక రోజు ఖాళీగా ఉన్నది.

మిగిలిన రెండు మార్పిడి స్టేషన్లతో పోల్చినా అమీర్‌పేట ప్రత్యేకత తెలుస్తుంది. ఎంజీబీఎస్ స్టేషన్ మూసీ పక్కన, బస్టాండును ఆనుకొని, రోడ్డు ఇరుకు లేని చోట వచ్చింది. పరేడ్ గ్రౌండ్ దగ్గర రెండు మార్గాలకూ రెండు వేరు స్టేషన్లు కట్టి నడక దారితో కలిపారు. రద్దీ రహదారి మధ్యలో, ఒకే స్తంభాల వరుస మీద రెండు మార్గాలను నిలబెట్టినది అమీర్‌పేటలోనే.

నగర పాదచారి

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. రైలు ఎక్కని వారి వైపు నుంచి నేను రెండు విషయాలు జోడిస్తాను.

కాన్‌కోర్స్‌లో గేట్లకు ఇవతలి భాగంలోకి టికెట్ లేకుండానే వెళ్లవచ్చు. ఒక ఫుట్‌పాత్ మీద ఎక్కి, రోడ్డు మీదుగా నడిచి, అవతలి ఫుట్‌పాత్ మీద దిగవచ్చు. ఎన్నో ఏళ్లుగా వాహనాల మధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని దాటిన ఆ రోడ్డుకు ఇది నిజమైన వంతెన. ఈ సౌకర్యం గురించి స్టేషన్ కింద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలని నేను గట్టిగా కోరుకుంటాను. అది తెలియక ఇప్పటికీ డివైడర్ దాటేవారు కనిపిస్తారు.

రెండోది బాధాకరమైనది. 2019 సెప్టెంబరులో వానకు తల దాచుకోవడానికి ఈ స్టేషన్ కింద నిలబడిన ఒక యువతి మీద కాంక్రీటు పెచ్చు ఊడి పడి, ఆమె ప్రాణం పోయింది. ప్రారంభమై రెండేళ్లు కూడా నిండని కట్టడంలో జరిగిన ఘటన అది. వాన పడితే జనం కట్టడం కిందికి చేరతారు. కాబట్టి స్టేషన్ అడుగు భాగాన్ని కూడా ప్రజలు నిలిచే చోటుగానే లెక్కించి, ప్రతి అతుకునూ, ప్రతి అంచునూ క్రమం తప్పకుండా తట్టి చూడాలి. స్తంభం గారు దీనిపై ఏమైనా చెప్పగలరా?

స్తంభం నం. 1

తట్టి చూడడం అని మీరు వాడిన మాట మా వృత్తిలో అక్షరాలా చేసే పనే. చిన్న సుత్తితో ఉపరితలాన్ని తడుతూ పోతే, గట్టిగా అతుక్కున్న చోట ఒక శబ్దం, లోపల విడిపోయి బోలుగా ఉన్న చోట మరొక శబ్దం వస్తుంది. అసలు దూలం బలంగానే ఉండి, దాని అంచున అలంకారం కోసమో, సమం చేయడం కోసమో తరువాత వేసిన పలుచని పూత విడిపోవచ్చు. రైళ్ల అదురు, ఎండ వానల మార్పు, అతుకుల్లోకి చేరే నీరు కలిసి ఆ పూతను వదులు చేస్తాయి. మనుషులు నిలిచే చోట తల పైన అలాంటి పూతలు వేయకపోవడం అన్నిటికన్నా మేలైన పద్ధతి. వేసిన చోట్ల ప్రతి వానాకాలానికి ముందూ, తరువాతా పరీక్షించాలి. వాన నీరు స్తంభాల గొట్టాల ద్వారా దిగిపోతున్నదా, లేక కట్టడం అంచుల వెంట కారుతున్నదా అన్నది రోడ్డు మీద నిలబడి ఎవరైనా చూడవచ్చు. కారిన చోట తెల్లటి, నల్లటి చారలు మిగులుతాయి.

దిల్‌సుఖ్‌నగర్ కొత్త సభ్యుడు

చర్చ అంతా చదివాను. ఒక అవసరం ఉండి అడుగుతున్నాను. మా అమ్మగారు చక్రాల కుర్చీలో ఉంటారు. ఎల్బీ నగర్ వైపు నుంచి హైటెక్ సిటీ దగ్గరి ఆసుపత్రికి ఆమెను మెట్రోలో తీసుకువెళ్లాలని ఉంది. అమీర్‌పేటలో మారడం సాధ్యమేనా?

నిత్య ప్రయాణికురాలు

సాధ్యమేనండీ, నిశ్చింతగా తీసుకెళ్లండి. దిల్‌సుఖ్‌నగర్‌లో మియాపూర్ వైపు రైలు ఎక్కండి. ఎక్కే ముందే అక్కడి సిబ్బందితో అమీర్‌పేటలో మారతామని చెప్పి, సహాయం కోరండి. అమీర్‌పేటలో దిగాక ఎస్కలేటర్ల వైపు జనంతో కదలకుండా, ప్లాట్‌ఫాం కాస్త ఖాళీ అయ్యే దాకా ఆగి లిఫ్టు దగ్గరకు వెళ్లండి. పై అంతస్తులో రెండు ప్లాట్‌ఫాంలూ పట్టాలకు చెరొక పక్కన ఉన్నాయి కాబట్టి, నాగోల్ వైపుకు చేరితే అక్కడి నుంచి నేరుగా రాయదుర్గం వైపుకు దాటలేరు, మళ్లీ లిఫ్టులో కిందికి దిగి రావాలి. అందుకని లిఫ్టు ఎక్కే ముందే అది రాయదుర్గం ప్లాట్‌ఫాంకు వెళ్తుందని సిబ్బందిని అడిగి నిర్ధారించుకోండి. హైటెక్ సిటీ ఆ మార్గంలో చివరి నుంచి రెండో స్టేషన్. వీలైతే ఉదయం పదకొండు దాటాక వచ్చేలా ఆసుపత్రి సమయం తీసుకోండి.